గాలి లోపలికి రావాలి, కానీ పరిగెత్తకూడదు: గుమ్మం దగ్గర ఫెంగ్ షుయ్

(ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో జరిగిన టాక్ ఇది. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాను. మైకు గరగరలో కొన్ని మాటలు పోయాయి, మిగతాది టాక్ ఇచ్చినాయన మాట్లాడినట్టే ఉంచాను.)

నమస్కారమండి. వెనక వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో నా గొంతు కన్నా గాలే ఎక్కువ వస్తోంది. ఇవాళ్టి టాపిక్ కూడా గాలే అనుకోండి. ఫెంగ్ షుయ్ అంటే చైనావాళ్ళ వాస్తు లాంటిది. వాళ్ళ భాషలో ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీళ్ళు, అంతే, అంతకుమించి ఆ పేరులో మంత్రం ఏమీ లేదు.

ముందే చెప్పేస్తున్నా, నేను ఇంటీరియర్ పనులు చేసుకునేవాడ్ని, పండితుణ్ణి కాదు. సెక్రటరీ గారు నన్నెందుకు పిలిచారంటే సింగపూర్‌లో ఐదేళ్ళు పనిచేశాను, అక్కడ చైనీస్ వాళ్ళ ఫ్లాట్లు చాలా చేశాం, వాళ్ళు గోడకి మేకు కొట్టాలన్నా ఫెంగ్ షుయ్ మాస్టర్‌ని అడిగేవాళ్ళు, మనవాళ్ళు వాస్తు సిద్ధాంతి గారిని అడిగినట్టే. అక్కడ విన్నదీ, ఇక్కడికొచ్చాక పనిలో నాకు అర్థమైందీ కలిపి చెప్తా. గుమ్మం వరకే చెప్తా, బెడ్రూమ్‌ల జోలికి వెళ్ళను.

మొదటి సంవత్సరం ఒక ఫ్లాట్ పని. ఓనరమ్మ ఒక పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయన చేతిలో చెక్క పళ్ళెం లాంటిది, మధ్యలో సూది, చుట్టూ వరసలు వరసలుగా చైనీస్ అక్షరాలు, లువోపాన్ అంటారు దాన్ని, వాళ్ళ దిక్సూచి. సరిగ్గా గడప మీద నిలబడి చూస్తాడేమో అనుకున్నా. అబ్బే, గుమ్మం దగ్గరికే రాలేదు, కారిడార్‌లో అవతల ఒకచోట నిలబడ్డాడు, ఇంకొంచెం జరిగి ఇంకోచోట నిలబడ్డాడు, మళ్ళీ మూడోచోట. ఏంటండీ అంటే ఆ ఇనప గ్రిల్ గేటు చూపించాడు. ఇనుము పక్కన సూది అబద్ధం చెప్తుంది కదా. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఎంతమంది సేఫ్టీ డోర్ ముందు నిలబడి ఫోన్లో కంపాస్ యాప్ పెట్టి మాది ఉత్తర ఫేసింగు అనుకున్నారు? (నవ్వులు) చూశారా. ఫోన్ కూడా అయస్కాంతాన్ని చూసే చెప్తుందండి, ఇనుము దగ్గర దానికీ అదే గతి.

సరే, కొలతలైపోయాక ఆయన తలుపు తీశాడు. సగం దాకా వచ్చి ఠక్కున ఆగింది, వెనక చెప్పుల స్టాండు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే, ఈ తలుపు పూర్తిగా ఎందుకు తెరుచుకోవట్లేదు? దిక్కు గురించి కాదు, రంగు గురించి కాదు, తలుపు గురించి. నాకు ఆ రోజు ఫెంగ్ షుయ్ మీద కొంచెం గౌరవం వచ్చింది.

వాళ్ళ లెక్క ఏంటంటే, ఇంటికి గుమ్మం నోరు లాంటిది. లోకంలో తిరిగే ఊపిరిని చి అంటారు. చి అంటే మన ఛీ కాదండి. (నవ్వులు) మన ప్రాణం అనే మాటకి దగ్గరగా పెట్టుకోండి. ఆ చి ఇంట్లోకి వచ్చేది గుమ్మంలోంచే. అసలు ఈ శాస్త్రం ఇళ్ళ కోసమే కాదు, చనిపోయినవాళ్ళని ఎక్కడ పాతిపెట్టాలి అనేదానికి కూడా. నాలుగో శతాబ్దం ముందువెనకల్లో ఉన్న గువో పు అనే ఆయన పేరు మీద సమాధుల గురించిన ఒక పాత రాత ఉంది, అందులో మాట దాదాపు ఇలా ఉంటుంది, చి గాలినెక్కితే చెదిరిపోతుంది, నీటి అంచు తగిలితే నిలుస్తుంది. ఫెంగ్ షుయ్ అనే పేరు ఆ మాటకి సంబంధించిందే. సమాధిని చచ్చినవాళ్ళ ఇల్లు అంటారు, మనం ఉండేదాన్ని బతికున్నవాళ్ళ ఇల్లు అంటారు, రెండిటికీ సూత్రం ఒకటే, గాలి కొట్టుకుపోకూడదు, వచ్చింది కాసేపు నిలవాలి.

ఇది ఎక్కడ బాగా కనపడుతుందంటే బీజింగ్ పాతిళ్ళల్లో. నాలుగు వైపులా గదులు, మధ్యలో పైకప్పు లేని వాకిలి, సిహెయువాన్ అంటారు. మన గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, అదే పోలిక. కానీ గుమ్మం దగ్గరికొచ్చేసరికి వాళ్ళూ మనమూ పూర్తిగా విడిపోతాం. మన మండువా ఇంట్లో వీధి అరుగు మీద నిలబడి చూస్తే వీధి తలుపు, దాని వెనక నడవ, మండువా, చివర్న పెరటి తలుపు, అన్నీ ఒకే గీతలో ఉండేవి, పెరట్లో బావి దగ్గర అమ్మమ్మ ఏం చేస్తోందో వీధిలోంచే కనపడేది. వేసవిలో ఆ గీతలో చాపేసుకుని పడుకుంటే కరెంటు అక్కర్లేదు. బీజింగ్ ఇంట్లో అలా కాదు. వీధికి ఉత్తరం వైపున్న ఇంటికి గేటు మధ్యలో పెట్టరు, ఆగ్నేయ మూలలో పెడతారు. గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే ముఖానికి గోడ. దాన్ని యింగ్‌బి అంటారు, అడ్డుగోడ. ఎడమకి తిరిగితే కానీ వాకిలి కనపడదు. ఎందుకు అలాగా అంటే, దయ్యాలు తిన్నగానే నడుస్తాయి, మలుపు తిరగలేవు అని అక్కడి ముసలివాళ్ళు చెప్తారు. దయ్యం సంగతి పక్కన పెట్టండి, శీతాకాలం సైబీరియా వైపు నుంచి వచ్చే గాలి ఆ ఊళ్ళో ఎముకలు కొరికేస్తుంది, ఇంటికి ఎదురెదురుగా రెండు తలుపులు పెట్టుకుంటే పొయ్యిలో వేడి ఒక్క నిమిషం నిలవదు. దారిన పోయేవాడికి ఇంట్లో ఆడవాళ్ళు కనపడకుండా ఉండటం ఇంకో కారణం.

ఈ అడ్డుగోడ వాళ్ళకి ఎంత ముఖ్యమంటే, దాతోంగ్ అని ఒక ఊరుంది, అక్కడ 1392లో మింగ్ వంశం మొదటి చక్రవర్తి పదమూడో కొడుకు తన ప్యాలెస్ ఎదురుగా తొమ్మిది డ్రాగన్లతో మెరుగుపెంకుల గోడ కట్టించుకున్నాడు, పొడవు 45 మీటర్ల పైన. ప్యాలెస్ తర్వాత కాలిపోయింది. గోడ ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడొచ్చు. ఇల్లు పోయి ఇంటి కర్టెన్ మిగిలినట్టు.

ఇప్పుడు మీరు, ఇదంతా పాత కాలం ముచ్చట కదా అనొచ్చు. హాంకాంగ్ డిస్నీల్యాండ్ 2005 సెప్టెంబర్ 12న ఓపెనైంది. కట్టేటప్పుడు ఫెంగ్ షుయ్ సలహా తీసుకుని మెయిన్ గేటు దిశని 12 డిగ్రీలు తిప్పారు. అది కాక ట్రైన్ దిగి గేటు దాకా నడిచే దారిలో కావాలని ఒక వంపు పెట్టారు, వచ్చిన చి తిన్నగా జారిపోయి సముద్రంలో కలవకుండా. అమెరికా కంపెనీ, లెక్కలు తెలిసినవాళ్ళు, వాళ్ళకి చి మీద నమ్మకం ఉందో లేదో నాకు తెలీదు గానీ టిక్కెట్ కొనేవాళ్ళకి ఉందని తెలుసు. నాకు నచ్చింది మాత్రం ఆ వంపు. మీరు ఏ గుడికైనా వెళ్ళండి, దారి వంపు తిరిగి గోపురం ఒక్కసారిగా కనపడితే కాలు దానంతటదే నెమ్మదిస్తుంది.

ఇక మన ఫ్లాట్లు. మన 2బిహెచ్‌కెలో గోడలు జరపలేం, గేటు 12 డిగ్రీలు తిప్పితే అసోసియేషన్ ఊరుకోదు. (నవ్వులు) చేయగలిగింది చూద్దాం.

మొదటిది ఆ పెద్దాయన అడిగిందే. ఇంటికెళ్ళాక తలుపు తీసి చూడండి, గోడకి ఆనేదాకా వస్తుందా? మన మెయిన్ డోర్ మూడున్నర అడుగులు, అందులో మనం వాడేది రెండడుగులు, మిగతాది చెప్పుల స్టాండు, హెల్మెట్, క్రికెట్ బ్యాటు, వాటర్ క్యాను తింటున్నాయి. సిలిండర్ తెచ్చినతను పక్కకి తిరిగి లోపలికి వస్తాడు. పేషెంట్‌ని స్ట్రెచర్ మీద దించాల్సొస్తే ఏంటి పరిస్థితి? చి సంగతి తర్వాత, మనిషి రావాలి కదా ముందు. మడతబందులు కిర్రుమంటే ఒక చుక్క నూనె వేయండి, తలుపు కింద రాసుకుంటే కార్పెంటర్‌ని పిలిచి ఒక నూలు చిత్రిక పట్టించండి. ఫెంగ్ షుయ్ వాళ్ళు తలుపు ఏడవకూడదు అంటారు, మా నాయనమ్మ కూడా అదే అనేది, ఆవిడ చైనా పేరు విన్నదో లేదో.

చెప్పులు. ఇది కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే మన అపార్ట్‌మెంట్లలో గుమ్మం అంటే చెప్పులే. సింగపూర్‌లో కూడా అంతే, కారిడార్ పొడుగునా స్టాండులే. ఫెంగ్ షుయ్‌లో నియమం ఏంటంటే చెప్పులు మూసి ఉండాలి, గుమ్మానికి ఎదురుగా ఉండకూడదు, ఎత్తుగా ఉండకూడదు, బయట మట్టి తొక్కొచ్చిన వస్తువు కాబట్టి కిందే ఉండాలి. మనకి ఇది ఒకరు చెప్పాలా, చెప్పులు గడప దాటి లోపలికి తెస్తేనే మన పెద్దవాళ్ళు అరిచేవాళ్ళు. కానీ అప్పుడు అరుగు ఉండేది, చెప్పులు అరుగు కింద ఉండేవి. అరుగు పోయింది, చెప్పులు మిగిలాయి. కారిడార్‌లో పెడితే ఫైర్ టైమ్‌లో కాళ్ళకి అడ్డం, లోపల పెడితే తలుపుకి అడ్డం. నేను చేసేది ఏంటంటే మామూలు షూ ర్యాక్ పన్నెండు పద్నాలుగు అంగుళాల లోతు ఉంటుంది, దాని బదులు ముందుకి వాలే మూతలుండే టైపు చేయిస్తా, చెప్పు నిలువుగా నిలబడుతుంది, ఏడెనిమిది అంగుళాలు చాలు, తలుపు వెనక కాకుండా పక్క గోడకి పెట్టొచ్చు. వెనక గాలి కన్నాలు వదలమని కార్పెంటర్‌కి చెప్పండి, లేకపోతే వానాకాలం తెరిస్తే చి బయటికే పారిపోతుంది. (నవ్వులు) పైన పలక ఉంటుంది కదా, దాని మీద తాళాల గిన్నె ఒకటి. అంతే, దేవుడి పటం మాత్రం చెప్పుల పైన పెట్టకండి, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

లైటు గురించి ఒక్క మాట. మన ఫ్లాట్లకి గుమ్మం కారిడార్‌లోకే, లోపలికి రాగానే పట్టపగలు చీకటి. ఒక 9 వాట్ల వార్మ్ బల్బు, వీలైతే సెన్సార్‌ది, చేతిలో సంచులతో వచ్చేవాళ్ళకి స్విచ్ వెతుక్కునే పని ఉండదు.

అద్దం. తలుపు తీయగానే ఎదురుగా అద్దం పెట్టొద్దంటారు, వచ్చిన చిని వచ్చినట్టే వెనక్కి కొట్టేస్తుందని. నేను చెప్పే కారణం వేరు, రాత్రి పదకొండింటికి అలిసిపోయి తలుపు తీస్తే చీకట్లో ఎవరో నిలబడి ఉంటారు, అది మీరే. పక్క గోడకి పెట్టుకోండి, బయటికెళ్తూ ముఖం చూసుకోవచ్చు, గుమ్మం లోపలి ఇరుకు జాగా కూడా కాస్త వెడల్పుగా అనిపిస్తుంది. ఎనిమిది పలకల బగువా అద్దం అని అమ్ముతారు, అది ఇంట్లో పెట్టేది కాదు, గుమ్మం బయట, చెడుని తిప్పికొట్టడానికి. అదీ ఎదురింటివాళ్ళకి గురిపెట్టినట్టు ఉంటుంది, చైనీస్ వాళ్ళల్లోనే దీని మీద ఇరుగుపొరుగు గొడవలు పడతారు. మీ ఎదురింటాయన రేపు మేనేజింగ్ కమిటీలోకి రావచ్చు, ఆలోచించుకోండి.

ఇప్పుడు అడ్డుగోడ విషయం. మెయిన్ డోర్ తీస్తే తిన్నగా బాల్కనీ కనపడే ఫ్లాట్లు ఇక్కడ సగం ఉంటాయి. ఫెంగ్ షుయ్ ప్రకారం ఇది పెద్ద దోషం, హాలుని గాలి పొడుచుకుపోవడం అంటారు, వచ్చిన చి వచ్చినట్టే బాల్కనీలోంచి దూకేస్తుంది, డబ్బు నిలవదు. అందుకని చాలామంది ప్లైవుడ్‌తో నిలువెత్తు పార్టిషన్ కట్టించేస్తున్నారు. అయ్యా, ఇక్కడ మీరు ఆగాలి. అది బీజింగ్ చలికి పుట్టిన గోడ. హైదరాబాద్ మే నెలలో ఆ ఒక్క గాలి దారే మిమ్మల్ని బతికిస్తోంది, దాన్ని మూసేసి ఏసీ బిల్లు కట్టుకుంటారా? డబ్బు నిలవకపోవడం అంటే అదే. నేను కూడా ఈ తప్పు చేశా, నిజం చెప్పాలి, సింగపూర్ నుంచి వచ్చిన కొత్తలో ఒకళ్ళకి మంచి టేకు వెనీర్ వేసి ఫుల్ హైట్ పార్టిషన్ చేయించా, ఫొటోలో అద్భుతంగా వచ్చింది, దసరాకి వాళ్ళు డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నారు, అది ఆ మలుపు తిరగలేదు. నా గోడని నేనే కోయించా, డబ్బులు కూడా నావే. ఇప్పుడు చేసేది జాలీ. కన్నాలుంటాయి, చూపు ఆగుతుంది, గాలి ఆగదు. తలుపు నుంచి కనీసం నాలుగడుగులు వదలండి. జాలీ కూడా వద్దనుకుంటే పొట్టి బెంచీ వెనక రెండు మూడు పెద్ద కుండీలు పెట్టండి, పండక్కి ఇల్లు సర్దేటప్పుడు జరుపుకోవచ్చు.

బొమ్మల గురించి అడుగుతారని తెలుసు. లాఫింగ్ బుద్ధ ఎంతమంది ఇళ్ళల్లో ఉంది? ఓహో. ఆయన గౌతమ బుద్ధుడు కాదండి. బుదాయ్ అని పదో శతాబ్దపు చైనా సన్యాసి, భుజాన గుడ్డ సంచి వేసుకుని తిరిగేవాడు, రాబోయే మైత్రేయ బుద్ధుడు ఆయనే అని తర్వాత నమ్మారు. చైనా బౌద్ధ ఆలయాల్లో గేటు దాటగానే మొదటి మండపంలో ఈయనే పొట్ట బయట పెట్టుకుని మీకు ఎదురుగా నవ్వుతూ కూర్చుంటాడు. అందుకే గుమ్మానికి ఎదురుగా పెడతారు, వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించే పని ఆయనది. ఇంకో తమాషా, ఆయనకి వీపు ఆనించి వెనక లోపలి వైపు చూస్తూ ఆయుధం పట్టుకుని ఒక కాపలా దేవుడు నిలబడి ఉంటాడు, వెయ్‌తువో అని, ఆయన మూలం మన స్కందుడే అంటారు, అంటే సుబ్రహ్మణ్యస్వామి చైనాలో వాచ్‌మన్ డ్యూటీలో ఉన్నాడు. (నవ్వులు) ఇక లక్కీ బాంబూ. అది వెదురే కాదు, డ్రసీనా జాతి మొక్క, ఆఫ్రికా అడవుల నుంచి వచ్చింది. మనీ ప్లాంటు పసిఫిక్ దీవుల మొక్క. చైనా పాత రాతల్లో ఈ రెండూ ఉండే ఛాన్సే లేదు. బాగుంటే పెట్టుకోండి, పచ్చగా ఉంటాయి, నీళ్ళు మాత్రం మారుస్తూ ఉండండి, లేకపోతే దోమలు. నోట్లో నాణెం పెట్టుకున్న మూడు కాళ్ళ కప్ప ఉంటుంది చూడండి, దాన్ని ముఖం లోపలికి పెట్టాలంటారు, బయటికి పెడితే డబ్బు బయటికి పోతుందట. అది కొన్న షాపు గల్లాపెట్టె మీద ఎటు తిరిగి ఉందో చూసి రండి.

(ఇక్కడ కాసేపు ప్రశ్నలు. ఒకావిడ మైకు తీసుకున్నారు.)

ఆ, మేడమ్ అడుగుతున్నది దక్షిణ ద్వారం గురించి, వాళ్ళది సౌత్ ఫేసింగు, అత్తగారు రోజూ అంటున్నారట. మేడమ్, మీ అత్తయ్య గారికి చెప్పండి, చైనాలో మీ ఫ్లాటుకి రేటు ఎక్కువ. అక్కడ దక్షిణం ఎంత గొప్పంటే చక్రవర్తి సింహాసనం దక్షిణానికే తిరిగి ఉంటుంది, బీజింగ్ రాజప్రాసాదం మొత్తం దక్షిణ ముఖం, ఉత్తరం వైపు గాలికి అడ్డంగా మట్టితో ఒక కొండే పోశారు, ఆ మట్టి కందకం తవ్వగా వచ్చింది. మనకేమో దక్షిణం యముడి దిక్కు. ఎవరు రైటు? బీజింగ్ దాదాపు 40 డిగ్రీల ఉత్తరాన ఉంది, డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 27 డిగ్రీల కన్నా పైకి రాడు, పాపం దక్షిణ తలుపు తెరిస్తేనే ఆ కాస్త ఎండ ఇంట్లో పడుతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్‌లో కూడా 49 డిగ్రీలు పైకి వస్తాడు, మే 9 ప్రాంతంలో సరిగ్గా నెత్తి మీదే, మన నీడ మన కాళ్ళ కింద మాయమవుతుంది, జూన్‌లో అయితే ఇంకా ఉత్తరానికి పోతాడు. అంటే నడి వేసవిలో మీ దక్షిణ గుమ్మం మీద ఎండే పెద్దగా పడదు. మనల్ని నిజంగా కాల్చేది పడమర. నమ్మకాన్ని నేను మార్చలేను, సిద్ధాంతి గారు చెప్పింది చేసుకోండి, కానీ ఇక్కడి వాస్తు సగం అక్కడి ఫెంగ్ షుయ్ సగం కలిపి వండకండి, రెండూ ఉప్పూ పంచదారా.

తర్వాత, అన్నా మీరు. తొమ్మిది గళ్ళ పటం. అవును, యూట్యూబ్‌లో చూసే ఉంటారు, ఇంటి ప్లాన్ మీద మూడు మూళ్ళు తొమ్మిది గళ్ళు వేసి, గుమ్మం ఉన్న గోడ మధ్య గడి కెరీర్, ఎడమ చదువు, కుడి సాయం చేసేవాళ్ళు అంటారు. అది గుమ్మాన్ని బట్టి వేసేది, దిక్సూచి చూడరు, అమెరికాలో లిన్ యున్ అనే గురువు ద్వారా బాగా పాకిన పద్ధతి. మా సింగపూర్ పెద్దాయన లాంటివాళ్ళు దిక్సూచి లేకుండా అడుగు వేయరు. అందుకే ఒక వీడియోలో నల్ల డోర్‌మ్యాట్ వేయమంటే ఇంకో వీడియోలో ఆకుపచ్చ వేయమంటారు, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, పద్ధతులు వేరు. నా మాటంటే కాళ్ళ మట్టి బాగా పట్టే కొబ్బరి పీచుది వేయండి, వారానికోసారి దులపండి.

వీధిపోటు గురించి ఎవరో అడిగారు వెనక నుంచి. అది మాత్రం రెండు చోట్లా ఒకటే, రోడ్డు తిన్నగా వచ్చి గేటుకి గుచ్చుకుంటే మనమూ భయపడతాం, వాళ్ళూ భయపడతారు. బ్రేకు ఫెయిలైన ఎద్దులబండి అయినా లారీ అయినా వచ్చేది అటే కదా.

ఆఖరిది, పెద్దాయన, చెప్పండి బాబాయ్ గారు. మీ తలుపు వెనక చెప్పుల స్టాండు కాదు, పూజ స్టోరేజీనా? ఎంత లోతు? పదహారు అంగుళాలా, అమ్మో. తలుపు ఎంతవరకు వస్తుంది? చూపించండి చేత్తో... అంతేనా? సగం కూడా రావట్లేదన్నమాట. ఏ బ్లాక్ మీది? సి బ్లాక్. సరే, ఇక్కడ కూర్చుని చెప్పేది కాదు ఇది, టేపు నా బ్యాగులోనే ఉంది, టీ తాగి వెళ్దాం పదండి. లోపల ఇత్తడి సామాను ఉంటే మాత్రం ముందే పిన్నిగారికి ఫోన్ చేసి తీయించండి.